తమ్ముడు వచ్చే వారం సెంటర్ నుంచి ఇంటికొస్తున్నాడు, ఇంట్లో మేం ఎలా ఉండాలి?

మూసాపేట అక్క

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా తమ్ముడు బీటెక్ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్నాడు. అక్కడ గంజాయి అలవాటైంది. తర్వాత నొప్పి మాత్రల్లోకి దిగాడు, ట్రమడాల్. అమ్మ పుస్తెలతాడు కుదువకు పోయాక గానీ మాకు విషయం తెలియలేదు. ఇప్పుడు డీ అడిక్షన్ సెంటర్లో ఉన్నాడు, వచ్చే వారం డిశ్చార్జ్ అన్నారు. వాడు బాగానే మాట్లాడుతున్నాడు, మొహం తేటపడింది. టెన్షన్ అంతా మాకే.

నాన్న వాడి గదికి బయట నుంచి గొళ్ళెం బిగించారు. ఫోన్ ఇవ్వొద్దంటున్నారు. మెడికల్ షాపు నుంచి యూరిన్ టెస్ట్ కిట్లు తెచ్చి బీరువాలో పెట్టారు. అమ్మేమో వాడి ముందు ఆ ఊసే ఎత్తొద్దు, ఏమీ జరగనట్టే ఉందాం అంటోంది. నాకు ఈ రెండూ మింగుడు పడటం లేదు. పైగా బోనాలు దగ్గరకొచ్చాయి. చుట్టాలొస్తారు, మందు, కల్లు అన్నీ ఉంటాయి. ఈ దారిలో నడిచినవాళ్ళు, ఇంట్లో మనిషిని చూసుకున్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

నడిచే మనిషి

అక్కా, ముందు ఆ గొళ్ళెం తీయించండి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే రోజుల్లో గంజాయితో చాలా పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే చెబుతున్నా. ఇంటికొచ్చినవాడు మొదట చూసేది తన గది తలుపే. దాని మీద బయటి గొళ్ళెం కనబడితే, వీళ్ళు నన్ను ఇంకా నమ్మరు అని వాడి మనసు అక్కడే ముడుచుకుపోతుంది.

ఇంటికొచ్చాక నన్ను బాగా ఏడిపించింది సాయంత్రం పూట. పగలు ఎలాగో గడిచిపోయేది. ఆరున్నర దాటి వీధిలైట్లు వెలిగాయంటే కాళ్ళు నిలిచేవి కావు. ఇన్నాళ్ళూ ఆ టైముకే స్నేహితులు కలిసేవాళ్ళు, బైకు తీసేవాణ్ణి. మత్తు ఒంట్లోంచి పోయినా ఆ గంట మాత్రం రోజూ వస్తుంది కదా. మా అన్న నాకు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే 'పద' అనేవాడు. ఇద్దరం కేబీఆర్ పార్కు బయట రోడ్డు మీద నడిచేవాళ్ళం. మొదట్లో ఒక్క మాట కూడా ఉండేది కాదు. మీ ఇంట్లో ఆ సాయంత్రం పూటను ఎవరు పంచుకుంటారో వాడు రాకముందే అనుకోండి.

నిద్ర గురించి కూడా చెప్పాలి. గంజాయి మానాక నిద్ర త్వరగా దారికి రాదు. చిరాకు, ఆకలి లేకపోవడం రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి గానీ, నిద్ర పట్టకపోవడం, పట్టినా చిత్రమైన కలలు రావడం ఇంకొన్నాళ్ళు ఉంటాయి. కలలో తాగినట్టు వస్తుంది, లేచి భయంతో ఏడుస్తాం. అర్ధరాత్రి హాల్లో లైటు వెలిగితే వెంటనే అనుమానపడకండి. మంచినీళ్ళు కావాలా అని అడిగితే చాలు.

వార్డు సిస్టర్

నేను మానసిక చికిత్స వార్డులో నర్సుని. మూసాపేట అక్క గారూ, ట్రమడాల్ అన్నారు కాబట్టి అన్నిటికంటే ముందు ఇది చదవండి. మీ నాన్నగారికీ చదివి వినిపించండి.

సెంటర్లో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు ఆ మాత్రలకు అలవాటు తప్పిపోతుంది. మునుపు రోజూ తట్టుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మందులు వాడి మానినవాళ్ళలో బయటికొచ్చిన మొదటి వారాలే ప్రాణానికి ప్రమాదం. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ కూడా వస్తాయి. మళ్ళీ తీసుకుంటాడని నేననడం లేదు. ఒకవేళ అలా జరిగితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పిలిస్తే పలకడు, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురగురమంటుంది, పెదవులు నీలం తిరుగుతాయి. మత్తు దిగాక లేస్తాడులే అని వదిలేయొద్దు. 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ దగ్గరే ఉండాలి. ఊపిరి ఆగిపోతే 108 వాళ్ళు ఫోన్‌లో చెప్పినట్టు చేయాలి. ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇలాంటప్పుడు ఇవ్వడానికి నలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కానీ విషయం తెలిస్తేనే కదా ఇస్తారు.

డిశ్చార్జ్ చీటీలో నాల్ట్రెక్సోన్ (నల్లమందు జాతి మందులు పనిచేయకుండా అడ్డుకునే మాత్ర) రాశారేమో చూడండి. రాసి ఉంటే, దాన్ని ఎన్నాళ్ళు వాడాలి, ఆపాలంటే ఎవరిని అడగాలి అన్నది ఆ రోజే తెలుసుకోండి. ఆ మాత్ర వాడేటప్పుడు పంటి నొప్పికి వెళ్ళినా సరే, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇక టెస్ట్ కిట్లు. రోజూ తాగినవాళ్ళలో గంజాయి ఆనవాళ్ళు కొవ్వులో నిల్వ ఉండి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తాయి. నెల దాటినా కనిపించిన వాళ్ళున్నారు. మా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు మానేసి మూడు వారాలైనా కిట్‌లో పాజిటివ్ చూసి ఇంట్లోవాళ్ళు కొట్టారు. అతను అబద్ధం చెప్పలేదు, కిట్టూ తప్పు చూపలేదు. దాన్ని చదవడం ఇంట్లో తెలియలేదంతే. పరీక్ష కావాలంటే ఫాలోఅప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు చేయిస్తారు. ఇంటి బాత్రూం తలుపు దగ్గర నాన్న కాపలా ఉండే పరిస్థితి తెచ్చుకోకండి.

ఒక నాన్న

అందరూ పిల్లాడి వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా వాడు కూడా ఇలాగే తేట మొహంతో ఇంటికొచ్చాడు. నమ్మి ఏటీఎం కార్డు చేతికిచ్చాం. వాళ్ళమ్మ దాచుకున్న చీటీ డబ్బు మొత్తం పోయింది. అడిగితే దేవుడి పటం ముందు ఒట్టేసి తీయలేదన్నాడు. మూసాపేట నాన్నగారి గొళ్ళెం సరైనదని నేను అనను గానీ, ఆయన భయం నాకు తెలుసు. మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారు. ఇంట్లో మిగతావాళ్ళు కూడా బతకాలి కదా.

నడిచే మనిషి

పెద్దాయనా, డబ్బు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. చేతిలో డబ్బు లేని రోజులు నాకు మేలే చేశాయి. జీతం మొదలయ్యాక కూడా కార్డు అన్న దగ్గరే ఉంచమని నేనే అడిగాను. అలా అడిగే చోటు ఇంట్లో ఉండాలి, నా మాట అంతే. అప్పులవాళ్ళు గుమ్మంలోకి వస్తే వాడి చేతికి డబ్బిచ్చి పంపకండి. ఎంత, ఎవరికి అని కూర్చుని కాగితం మీద రాసుకుని పెద్దవాళ్ళే నేరుగా తీర్చాలి. సరుకు అమ్మినవాడికి బాకీ అంటే మాత్రం వకీలుని అడగకుండా అడుగు వేయొద్దు.

కల్లు కాంపౌండ్ గల్లీ

మాది కూకట్‌పల్లి వైపు. మా అమ్మ డ్రగ్ అన్న మాట కూడా ఎరగదు. అడ్డా కూలీ. పొద్దంతా సిమెంటు తట్టలు మోసి సాయంత్రం కాంపౌండుకు పోయి రెండు సీసాలు తాగొచ్చి పడుకునేది. ఒళ్ళు నొప్పులకు కల్లు మంచిదని ఆమె నమ్మకం, గల్లీ అంతా అదే నమ్మకం. 2004లో సిటీలో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో మళ్ళీ తెరిచారు. ఈ మహానగరానికి సరిపడా కల్లు పారే చెట్లు ఎక్కడున్నాయో ఎవరూ అడగరు. ఆల్ప్రజోలం అనే నిద్ర మాత్ర, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందు నీళ్ళలో కలిపి, తీపికి శాకరిన్ వేసి సీసాల్లో పోస్తారు. నిద్ర మాత్ర ఏళ్ళ తరబడి కల్లు పేరుతో అమ్మ ఒంట్లోకి పోయింది.

2025 జూలైలో మా వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కిడ్నీలు దెబ్బతిని ఎంతోమంది నిమ్స్‌లో చేరారు. మా దగ్గరి దుకాణాలకు తాళాలు పడ్డాయి. అమ్మ చేతికి ఆ కల్తీ కల్లు చిక్కలేదు, బతికిపోయింది అనుకున్నాం. రెండో రోజుకు చేతులు వణకడం మొదలైంది. కంటి మీద కునుకు లేదు. మంచం మీద కూర్చుని దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే వేళ్ళతో పట్టి నేల మీద పెట్టేది. ఎంత ఒద్దికగా పెట్టేదంటే, నేను కూడా వంగి చూశాను. చనిపోయిన పెద్దమ్మను పేరు పెట్టి పిలిచింది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. నిమ్మకాయలు తిప్పుతుండగా ఫిట్స్ వచ్చి పడిపోయింది.

ఆటోలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: కల్లు ఆపి ఎన్ని రోజులైంది? నాకు ఒళ్ళు జలదరించింది. అంతదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. తాగినందుకు కాదు, ఉన్నపళంగా ఆగినందుకు వచ్చిందని చెప్పింది. అదే జాతికి చెందిన వేరే మందు ఇచ్చి, దాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. వార్డులో అమ్మలాంటి ఆడవాళ్ళు ఎంతమందో! ఒక్కరు కూడా తమను తాము మత్తుమందు వాడినవాళ్ళుగా అనుకోరు. ఈ చర్చల్లో ఎప్పుడూ హాస్టల్ పిల్లలు, పబ్బులే కనిపిస్తాయి. మా గల్లీ ఆడవాళ్ళ గురించి కూడా రాయండి.

నడిచే మనిషి చెప్పిన సాయంత్రం సంగతి అమ్మకూ అంతే. ఐదైతే చాలు, కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడేది. ఇప్పుడు మా పిన్నితో కలిసి ఆ వేళకే జొన్నరొట్టెల బండి పెడుతోంది. పిండి కలపడం, పొయ్యి వెలిగించడం, గిరాకీ. కాంపౌండు దోస్తులు బండి దగ్గరికే వచ్చి మాట్లాడి పోతారు. కల్లు గుర్తొస్తుందా అని అడిగితే దాచదు, వస్తుందంటుంది.

ఉప్పల్ కుర్రాడు

నన్ను ఒక ప్రైవేటు సెంటర్ వాళ్ళు రాత్రిపూట ఇంటికొచ్చి ఎత్తుకెళ్ళారు. చేతులు వెనక్కి విరిచి బండిలో కూర్చోబెట్టారు, అమ్మ గేటు దగ్గర ఏడుస్తోంది. లోపల డాక్టరు ముఖం చూసింది తక్కువ. మాట వినకపోతే పైపుతో కొట్టేవాళ్ళు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కనే ఒకడు నిలబడేవాడు. బయటికొచ్చిన రోజే మళ్ళీ తాగాను, కోపంతో. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో కౌన్సెలర్ మేడం నన్ను కూర్చోబెట్టి 'నీకు గంజాయి ఏం ఇస్తోంది?' అని అడిగింది. అంతకుముందు అందరూ ఏం పోయిందో లెక్క చెప్పినవాళ్ళే. నాకు ఆలోచించడం అక్కడ మొదలైంది. అక్కా, మీ తమ్ముణ్ణి లోపల ఎలా చూశారో ఎప్పుడైనా మెల్లగా అడగండి.

నాంపల్లి వకీలు

ఉప్పల్ తమ్ముడికి జరిగింది చట్టవిరుద్ధం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మత్తు పదార్థాల వ్యసనం కూడా వస్తుంది. సెంటర్‌కు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషి ఒప్పుకోని పరిస్థితిలో నామినేటెడ్ ప్రతినిధి (అతని తరఫున నిర్ణయించే మనిషి) దరఖాస్తుతో చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది. దానికీ నిపుణుల పరీక్ష కావాలి, 30 రోజుల పరిమితి ఉంది, రివ్యూ బోర్డుకు అప్పీలు చేసుకునే హక్కుంది. గొలుసులతో కట్టేయడం పూర్తిగా నిషేధం. చేర్చేముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారో అడగండి. నసిగితే వెనక్కి వచ్చేయండి.

చాలామంది కేసవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్ళరు. 1985 మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఏ సెక్షన్ చదవండి. వాడకం కేసు గానీ, చిన్న మొత్తానికి సంబంధించిన కేసు గానీ ఉన్న వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయిలో చిన్న మొత్తం అంటే కిలో వరకు, ఆల్ప్రజోలంలో 5 గ్రాముల వరకు. పెద్ద మొత్తాలకు ఇది పనికిరాదు. ఇప్పటికే కేసుంటే కాగితాలతో లాయరును కలవాలి, ఇక్కడ వివరాలు పెట్టొద్దు.

బాలానగర్ నైట్‌షిఫ్ట్

అన్నలూ అక్కలూ, నేను ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. కల్లు కాంపౌండ్ అన్న రాసింది చదివి చెమటలు పట్టాయి. నేను ఆల్ప్రజోలం మాత్రలు వేసుకుంటాను. నైట్ షిఫ్టులు, పగలు నిద్ర పట్టదని మొదలుపెట్టా. ఇప్పుడు ఒక స్ట్రిప్పు రెండు రోజులు కూడా రావట్లేదు. చీటీ లేకుండానే షాపులో ఇస్తాడు. ఈ రాత్రికి ఉన్నవన్నీ టాయిలెట్లో పడేసి రేపటి నుంచి మానేద్దామనుకుంటున్నా. ఇంట్లో ఎవరికీ తెలియదు.

వార్డు సిస్టర్

బాబూ, పడేయకు. మానాలన్న నీ ఆలోచన చాలా మంచిది, కానీ ఈ మందు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకు వస్తుంది. పొద్దున్నే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీకి గానీ, గాంధీ, ఉస్మానియాలో సైకియాట్రీ విభాగానికి గానీ వెళ్ళు. ఖాళీ స్ట్రిప్పు వెంట తీసుకెళ్ళి, ఎన్ని వేసుకుంటున్నావో తగ్గించకుండా చెప్పు. ఈలోగా దాని మీద మందు తాగకు, ఇప్పుడు వేసుకుంటున్నదానికి ఒక్కటి కూడా పెంచకు. బైకు నడపకు, మెట్రోలో వెళ్ళు, ఎర్రగడ్డలోనే స్టేషన్ ఉంది. మెషీన్ల మధ్య పనైతే ఈ రాత్రికి సెలవు పెట్టు. మనసు ఆగకపోతే 14416కి చేయి, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. వణుకు ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా పొద్దుటిదాకా ఆగొద్దు, 108. ఇంట్లో ఒక్కరికైనా ఈ రాత్రే చెప్పు.

మోడరేటర్

మాత్రలు ఎలా తగ్గించుకోవాలో మోతాదు లెక్కలు ఎవరూ ఇక్కడ రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాను. ఏ షాపు, ఏ గల్లీ అన్న వివరాలు కూడా వద్దు.

రోజుకో రోజు

నేను నార్కోటిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్తాను, మత్తు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే చోటు అది. 1953లో అమెరికాలో మొదలైన సంస్థ, హైదరాబాద్‌లోనూ మీటింగులు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. దేవుడి మాట వస్తుంది, అది నప్పనివాళ్ళూ కూర్చుంటారు. అందరికీ కుదురుతుందని చెప్పను. నాకు కుదిరింది ఎందుకంటే, పాన్ డబ్బా ముందు వేలాడే, గంజాయి చుట్టుకునే గోగో పేపర్లు చూస్తే అరచేతులు చెమర్చుతాయి అని చెప్పినప్పుడు ఆ గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఫోన్ సంగతి. మీరు లాక్కోకండి. వాడే కూర్చుని పాత నంబర్లు, గ్రూపులు తీసేసి కొత్త సిమ్ వేసుకోవాలి, మీరు పక్కన ఉండండి. ఒకవేళ ఎప్పుడైనా జారితే ఆ రాత్రే మీకు చెప్పగలగాలి. చెబితే కొడతారని తెలిస్తే చెప్పడు, వారం రోజులు దాచి పూర్తిగా మునిగిపోతాడు. అలా చెప్పి నిలబడ్డవాళ్ళను మీటింగులో చూశాను.

బోనాలకు ఈ ఒక్క ఏడాది ఇంట్లో మందు పెట్టకండి. అమ్మవారికి సాక పోస్తారు, అది వేరు. మామలకు, బావలకు ముందే ఫోన్ చేసి చెప్పండి. 'పండగ పూట ఒక్క గుక్కకేమవుతుంది' అనే మామ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయన పక్కన మీ తమ్ముణ్ణి ఒంటరిగా వదలొద్దు.

వార్డు సిస్టర్

ఇంకొకటి, ఎవరో నాకు మెసేజ్ పెట్టి అడిగారు. తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే, తాగుడు మాన్పించే పొడి కొనొద్దు. అందులో ఏముందో తెలియదు. డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, దాని మీద మందు తాగినప్పుడు వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ప్రాణం పోవడం కూడా జరుగుతాయి. డైసల్ఫిరామ్ డాక్టర్లు కూడా రాస్తారు, కానీ తాగే మనిషికి తెలిసి, ఒప్పుకున్నాకే.

బాలానగర్ నైట్‌షిఫ్ట్

సిస్టర్ గారూ, వెళ్ళాను. ఆ రాత్రే అన్నతో చెప్పాను, ఆయనే లీవు పెట్టి తోడొచ్చాడు. మాత్ర మార్చి రాశారు, స్ట్రిప్పులు అన్న దగ్గరే ఉంటాయి, రోజుకు రాసినన్నే ఇస్తాడు. నెలలు పట్టొచ్చు, తొందరపడొద్దన్నారు డాక్టరు. డే షిఫ్టుకు మార్చమని సూపర్‌వైజర్‌ని అడిగాం. థ్యాంక్స్ అన్నది చిన్న మాట.

మూసాపేట అక్క

తమ్ముడు ఇంటికొచ్చాడు. గొళ్ళెం నాన్నే స్క్రూడ్రైవర్‌తో విప్పారు. కిట్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి, వాటి మీద ఇంట్లో వాదన నడుస్తోంది. సాయంత్రాలు నేనూ వాడూ నడుస్తున్నాం. ఏటీఎం కార్డు వాడే తెచ్చి అమ్మకిచ్చాడు. మీరందరూ రాసినవి వాడు కూర్చుని మొత్తం చదివాడు. ఒక ప్రశ్న అడగమన్నాడు: ఇంటర్వ్యూలో ఈ గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలి?

నడిచే మనిషి

తమ్ముడూ, ఆరోగ్యం బాగాలేక చికిత్స తీసుకున్నాను, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నాను అని చెప్పు. అది నిజం, అంతవరకు చాలు. అంతకుమించి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు వకీలు గారు చెప్పిన చట్టంలోనే ఉంది. కానీ మొదటి నెలలోనే ఉద్యోగానికి ఉరకకు, ఫాలోఅప్ డాక్టరును అడిగి చూడు. మొదట్లో నైట్ షిఫ్ట్ ఉన్నది, ఊరికి దూరంగా రూమ్ తీసుకుని ఒంటరిగా ఉండాల్సింది ఒప్పుకోకు. రెజ్యూమే తయారైతే నాకు మెసేజ్ పెట్టు, కలిసి దిద్దుదాం.